రాజ్యలక్ష్మమ్మ గారిని ఎలా చంపాలి

అంబాజీపేటలో మాణిక్యాలరావు కొబ్బరి కొట్టు. పొద్దున్న పది దాటింది. వలిచిన కాయల రాశుల మధ్య ముగ్గురు మనుషులు.

"నా చెప్పు ఒక్కటి చాలుట. నేను రానక్కర్లేదుట. పాత చెప్పు ఒకటి పంపిస్తే కాలువలో వదిలేసి సీను తీసుకుంటారుట. మీ డైరెక్టరు బెన్నీ పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేడు."

"ముందు కూర్చోండి కృపమ్మ టీచరుగారూ. బొండం కొట్టించమంటారా? లేతవి ఇప్పుడే దిగేయి."

"నాకు బొండాలొద్దు మాణిక్యాలరావుగారూ. సీరియల్ తీసేది మీరు. అందులో ఇంటి పెద్దావిడ రాజ్యలక్ష్మమ్మ వేషం నాది. ఆవిడ రేపు చచ్చిపోతోందని నాకెప్పుడు చెబుదామనుకున్నారు? చచ్చేకా?"

"చావని కాదండీ, అదొక మలుపు. సస్పెన్సు. మనది రెండు నిమిషాల ఎపిసోడు. చివర్లో ఉలిక్కిపడకపోతే ఫోన్ మీద వేలు పైకి జరిపేసి ఇంకో వీడియోకి పోతారు జనం. చీకటి పడే వేళ, కాలువ రేవు, నీళ్ల మీద తేలుతూ చెప్పు. పడిపోయిందా, ఎవరైనా తోసేరా? కువైట్‌లో ఉన్నవాడు కూడా ఆ రాత్రి నిద్రపోడండి."

"శవం ఎప్పుడు దొరుకుతుంది?"

"ఆయ్?"

"శవమండీ. నా శవం."

"దొరకదండి. అదే సస్పెన్సు."

"బెన్నీ, ఆ తలుపు పక్కనెందుకురా నక్కేవు? ఇలా రా. నీకు ఆరో తరగతిలో తెలుగు చెప్పేను, నా ముందు దాక్కోకు. నువ్వేనా ఈ సీను రాసింది?"

"ఆయ్ టీచర్. నేనేనండి."

"నీ అంతట నువ్వు రాసేవా, ఎవరైనా రాయమంటే రాసేవా?"

"అంటే, కథ గురించి అందరం కూర్చున్నప్పుడు..."

"అందరం అంటే?"

"నేనండి. రావుగారండి. శివశంకర్ గారు, ఊరికే అలా వచ్చి కూర్చున్నారండి."

"శివశంకర్ గారు. అంటే సీరియల్లో నా పెద్దకొడుకు."

"ఆయన్ని ఇందులోకి లాగకండి టీచరుగారూ. మా ఆవిడకి అన్నగారు. మనం షూటింగు చేసే మండువా ఇల్లు ఆయనది. ఇల్లిచ్చిన మనిషి వచ్చి కూర్చుంటే లేచి వెళ్లమంటామా?"

"నన్ను మటుకు లెమ్మన్నారు."

"ఎవరన్నారండీ? మిమ్మల్నెవరు లెమ్మన్నారు? ఇన్నాళ్లలో ఒక్క మాట తూలేనా నేను?"

"మీరు నోటితో ఎందుకంటారు? మొదట్లో నేను హాల్లో, ఆ పెద్ద టేకు కుర్చీలో కూర్చున్నాను. ఓ వారం గడిచింది. కుర్చీ కోడు విరిగిందన్నారు. ప్లాస్టిక్ కుర్చీ వేసేరు. ఇంటి నిండా ఆస్తి ఉన్న అమ్మగారికి ఫంక్షన్ హాలు కుర్చీ ఏమిటని జనం నవ్వుకున్నారు, కామెంట్లు చదువుకోండి. తర్వాత హాల్లో వెలుతురు చాలదన్నారు, వరండాలోకి జరిపేరు. వరండాలో బళ్ల చప్పుడన్నారు, పెరట్లోకి జరిపేరు. పోయిన వారమంతా కొబ్బరితోటలో తిరిగేను. బొడ్లో ఇనప్పెట్టె తాళాలు దోపుకుని, ఇంటి యజమానురాలు చెట్ల కింద ఏం చేస్తోందని ఒక్కరూ అడగలేదు. ఇప్పుడు కాలువలోకి దింపుతున్నారు. ఇంక అవతల సముద్రమే మాణిక్యాలరావుగారూ."

"అది కాదండీ."

"ఏది కాదు? నేనింకా ఏదీ అనలేదే."

"మీరనలేదు. మీరనబోయేది ఏంటో నాకు తెలుసు కాబట్టి కాదంటున్నాను."

"తెలుసు కదా. అయితే మీరే అనండి."

"చూడండి టీచరుగారూ, నాకూ కోపం వస్తుంది. పొద్దున్నుంచి లారీ లోడు ఆగిపోయి ఉంది, అది వదిలేసి మీ ముందు నిలబడ్డాను. వ్యాపారస్తుణ్ణి, నా లెక్క నేను చెప్తాను. అలాంటి ఇంటి కోసం రాజోలు నుంచి రామచంద్రపురం దాకా తిరిగేను. ఉన్నవి పడగొట్టి అపార్ట్‌మెంట్లు లేపేరు. లేపనివి పెళ్లిఫొటోలవాళ్లు పట్టేసేరు. మిగిలింది మా బావగారిల్లు ఒక్కటే. జనానికి ఆ ఇల్లు అలవాటైపోయింది. మనుషులు దొరుకుతారు, ఇల్లు దొరకదు. ఇల్లు పోతే సీరియల్ లేదు. సీరియల్ పోతే బెన్నీ లేడు, చిన్నకొడుకు వేషం వేసే వీరబాబు లేడు, మీరూ లేరు. రాశి నిలబడాలంటే ఒక కాయ తియ్యాలి. తీస్తాను. ఆ కాయ మీద నాకు పగా లేదు, ప్రేమా లేదు."

"మనుషులు దొరుకుతారా?"

"దొరుకుతారండి."

"మరి ఈ వేషానికి నా దగ్గరికి ఎందుకొచ్చేరు? రత్నమాలగారిని అడిగేరు కదా ముందు."

"అదెప్పటి సంగతో..."

"విధవ వేషమని ఆవిడ చెయ్యనన్నారు. మొగుడు బతికుండగా బొట్టు తీసి కూర్చోనన్నారు. తప్పులేదు, ఆవిడ నమ్మకం ఆవిడది. అన్నపూర్ణగారూ చెయ్యనన్నారు. అమలాపురంలో నాటకాలాడే ఆవిడా చెయ్యనన్నారు. అప్పుడు మీకు నేను గుర్తొచ్చేను. రిటైరైన హెడ్‌మిస్ట్రెస్సు, భర్త లేడు, క్రైస్తవులం కాబట్టి బొట్టు ఎటూ లేదు. ఎవరూ ముట్టుకోని వేషం ఏరికోరి మా ఇంటికి తెచ్చేరు. అవునా కాదా?"

"అవునండి. కాదనట్లేదు."

"తులసికోట ముందు దణ్ణం పెట్టే సీను చేసినందుకు మా సంఘంలో పెద్దలు నన్ను కూర్చోబెట్టి అడిగేరు. మా చెల్లెలు జాయ్ నెల్లాళ్లు నాతో మాట్లాడలేదు. అది వేషమండీ, నేను కాదని చెప్పుకున్నాను. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి చెప్పుకున్నాను. నా వాళ్లకి నేను జవాబు చెప్పుకుని వచ్చేను. మీ బావగారు ఆయన వాళ్లకి ఏం జవాబు చెప్పుకున్నారు?"

"ఆయనకేం లేదండి. ఆయన చాలా మంచివారు. ఇంట్లో ఆడవాళ్లు..."

"ఊఁ."

"ఆడవాళ్ల తరఫు చుట్టాలు. హైదరాబాద్‌లో ఉన్నవాళ్లు, వైజాగ్‌లో ఉన్నవాళ్లు. ఆ కుర్చీ మా అత్తగారిది. ఆవిడ పోయి ఏడాది కాలేదు. ఫోన్లలో ఎపిసోడు చూసి, మీ అమ్మ కుర్చీలో ఎవరో కూర్చున్నారేంటని అన్నారుట."

"'ఎవరో' అని అన్నారా? ఆ మాటే అన్నారా, ఇంకో మాట అన్నారా?"

"బెన్నీ, నువ్వు వెళ్లి లారీ దగ్గర ఎంత ఎక్కించేరో చూసి రా."

"నేను విన్నానండి రావుగారూ ఆ మాట. వరండాలో లైటు సర్దుతుంటే ఆ ఇంట్లోవాళ్లే నా ఎదర అన్నారు. నేనూ టీచరుగారి పేటవాణ్ణేనని మర్చిపోయి అన్నారు."

"నిన్నడిగేరా ఇప్పుడు?"

"లేదండి."

"ఆగండి మాణిక్యాలరావుగారూ. బెన్నీ, విన్నావు. విని కూడా ఆ చెప్పు సీను రాసేవు."

"రాసేనండి టీచర్."

"ఎందుకురా?"

"ఇది నా మొదటి సీరియలండి. నేను రాయనంటే కాకినాడ నుంచి ఇంకొకణ్ణి తెస్తారు. వాడైతే మిమ్మల్ని ఇంకా పాడుగా చంపుతాడు. నేనైతే కాస్త అందంగా చంపుతానని..."

"నవ్వొస్తోందిరా నాకు. కోపంగా ఉండగా నవ్వించకు."

"చూసేరా టీచరుగారూ, కుర్రాడికి మీరంటే ఎంత గౌరవమో. మాకందరికీ గౌరవమే. మిమ్మల్ని ఆఖరి ఎపిసోడులో ఘనంగా..."

"గౌరవం పక్కన పెట్టండి. మీరు లెక్క చెప్పేరు కదా, నేనూ ఒకటి అడుగుతాను. సీరియల్ పేరేమిటి?"

"తాళాల గుత్తి."

"ఆ తాళాలు ఎవరికిస్తుందా అనే కదా జనం చూస్తున్నది. నిద్రపోతున్నా సరే బొడ్లోంచి తియ్యదు రాజ్యలక్ష్మమ్మ. జ్వరం వచ్చి పడుకున్న సీనులో కోడలు చెయ్యి వేస్తే ఆ చెయ్యి పట్టుకుంది. దానికే కదా మీ ఫోన్లు మోగిపోయింది. ఇప్పుడు నేను కాలువలో పడ్డాను. శవం దొరకలేదు. తాళాలెక్కడున్నాయి?"

"తాళాలు..."

"చెప్పండి."

"ఇంట్లో పెట్టి వెళ్లిందనుకోవచ్చు కదండీ. బెన్నీ, అలా అనుకోకూడదా?"

"కుదరదండి రావుగారూ. జ్వరంలోనే తియ్యలేదు, రేవుకెళ్లేటప్పుడు ఎందుకు తీస్తుంది? తిట్టిపోస్తారండి."

"మరి రాసేటప్పుడు నీ బుర్ర ఏమైంది?"

"శవాన్ని ఎలా తప్పించాలా అనే చూసేమండి అందరం. తాళాల మాట ఎవరికీ తట్టలేదు."

"విన్నారా? నన్ను ఇంట్లోకి రాకుండా చూసే తొందరలో మీ కథే కాలువలో పడిపోయింది. ఇంటి పెద్దావిడ చచ్చిపోతే ఎక్కడ పడుకోబెడతారండీ మీ ఇళ్లల్లో?"

"హాల్లోనండి. మండువాలో."

"అదీ సంగతి. శవంగా కూడా నేను ఆ గడప దాటకూడదు. అందుకని శవం లేని చావు వెతికేరు."

"అంత మాటనకండి."

"అంటాను. మా అమ్మ అలాంటి ఇంటి పెరట్లో ధాన్యం చెరిగింది. గుమ్మం లోపల నేల ఏ రంగో ఆవిడకి తెలీదు. నేను సీను ప్రకారం లోపలికి నడిచినప్పుడు మా పేటలో ఆడవాళ్లు ఆ ముక్క పదిసార్లు వెనక్కి తిప్పి చూసేరు. కథ కోసం కాదు, నేను నడవడం కోసం. రేపు వాళ్లకి నా చెప్పు చూపిస్తారా మీరు?"

"సరే. ఏం చెయ్యమంటారు నన్ను? బావగారిని కాదంటే ఇల్లు పోతుంది. మిమ్మల్ని కాదంటే..."

"నన్ను కాదంటే ఈ వారం ఎపిసోడ్లు మూగగా వేసుకోండి. బొమ్మ తీసేరు గాని నేనింకా డబ్బింగ్ చెప్పలేదు."

"బెదిరిస్తున్నారా?"

"లెక్క చెప్తున్నాను. మీకు బాగా తెలిసిన భాష కదా అని. ఆయనకి ఫోన్ చెయ్యండి. స్పీకర్లో పెట్టి, నేనున్నానని చెప్పండి. నేను చాటుగా వినను."

"గొడవ పెట్టుకోరు కదా?"

"చెయ్యండి."

"హలో, బావగారూ. ఆయ్, కొట్లోనే ఉన్నాను. టీచరుగారు వచ్చేరు. స్పీకర్లో ఉన్నారు."

"ఆయ్, నమస్కారం టీచరుగారూ. బెన్నీ సీను చెప్పేడా? నీళ్ల మీద చెప్పు. నాకైతే ఒళ్లు జలదరించిందండి."

"చెప్పేడు శివశంకర్ గారూ. బాగుంది. నేను పోయేకా ఇంటికి పెద్ద ఎవరండీ?"

"నేనే కదండీ, పెద్దకొడుకుని. పై నెల నుంచి కథంతా నా మీదే నడుస్తుందని మాణిక్యం చెప్పేడు. గల్ఫు నుంచి ఒకటే మెసేజీలండి, పెద్దబ్బాయిగారూ, తాళాలు మీ చేతికెప్పుడొస్తాయని."

"ఓహో. ఆ సంగతి మాణిక్యాలరావుగారు నాకు చెప్పలేదు."

"చెబుదామనే అనుకున్నానండి..."

"మీరాగండి. శివశంకర్ గారూ, మీ చేతికి తాళాలు రావండి. నాతోపాటు కాలువలో పడిపోయేయి."

"పడిపోవడమేంటండీ?"

"బొడ్లో ఉన్నాయి కదా. శవం దొరకదు, తాళాలూ దొరకవు. వట్టి చేతుల్తో పెద్దరికం ఎలాగండీ? ఇనప్పెట్టె ముందు నిలబడి ఏం చేస్తారు, తలుపు కొడతారా?"

"బెన్నీ ఉన్నాడా అక్కడ? ఏంటిది బెన్నీ? ఇది చూసుకోవద్దా?"

"ఉన్నానండి. శవం దొరికితేనే కుదురుతుందండి. శవం బొడ్లోంచి పెద్దకొడుకు తాళాలు తీసుకోవాలి. లేదంటే ఇంకో దారి ఉందండి. అమ్మ ముందే తాళాలు నాకిచ్చేసిందని చిన్నకొడుకు బయటపెడతాడు."

"వీరబాబా? వాడి చేతికి తాళాలా? వాడికి డైలాగు చెప్పడమే రాదు."

"జనానికి అతనంటే జాలి అండి. నమ్మేస్తారు."

"వద్దు వద్దు. శవాన్నే దొరికించండి. ఏముంది, రేవు దగ్గరే దొరుకుతుంది, అక్కడే తాళాలు తీసుకుంటాను, అక్కడే దహనం చేసేద్దాం. సాయంత్రానికి అయిపోతుంది."

"దిక్కులేని శవాన్ని కాదండీ నేను. ఊళ్లో పెద్ద ఇంటి యజమానురాలిని. నన్ను ఇంటికి తీసుకెళ్లాలి. హాల్లో పడుకోబెట్టాలి. తల దగ్గర దీపం పెట్టాలి. ఊరంతా వచ్చి చూడాలి. అప్పుడు ఆ తాళాలు తీసుకుంటే దానికి బరువు ఉంటుంది. రేవులో తీసుకుంటే శవం మీద నగలు ఒలిచినట్టు ఉంటుంది."

"హాల్లోనా? అంటే టీచరుగారూ, మనుషులం కాపురం ఉంటున్న ఇల్లు..."

"నిజమే. మీకిబ్బందైతే వదిలెయ్యండి. వీరబాబుకి రాసెయ్యి బెన్నీ."

"ఉండండి. ఇబ్బందని ఎవరన్నారు? ఒక్క పూట కదా. తియ్యండి. తర్వాత ఎలాగూ కడిగించుకుంటాం."

"మామూలు సీను తీసినా కడిగిస్తున్నారుట కదా. నేను వెళ్లేకా."

"అది దుమ్ముకండి. యూనిట్‌వాళ్లంతా చెప్పుల్తో తిరుగుతారు కదా."

"ఆయ్, దుమ్ముకే అయ్యుంటుంది. సీను వినండి. నన్ను రేవు నుంచి తెచ్చి దింపగానే మీరు పరిగెత్తుకొచ్చి నా తల ఒళ్లో పెట్టుకుని ఏడవాలి. కెమెరా అంతా మీ మొహం మీదే. అమ్మా అన్న ఒక్క మాట తప్ప డైలాగు లేదు."

"క్లోజప్పా?"

"ఎపిసోడులో సగం అదే."

"ఏడుపు నేను బాగా చేస్తానండి. చిన్నప్పుడు స్కూల్లో చేసేను. ఒళ్లో అంటే, తలగడ పెట్టి, దాని మీద దుప్పటి..."

"నా మొహం కనపడొద్దా? తలగడకి ఏడుస్తారా జనం?"

"అదీ నిజమేలెండి."

"తర్వాత మీరే ఎత్తాలి. తల వైపు పెద్దకొడుకు, కాళ్ల వైపు చిన్నకొడుకు. పాడె మీదికి చేర్చాలి. ముఖం మీద జుట్టు మీరే సర్దాలి. నిప్పుకుండ పట్టుకుని ముందు నడవాలి. చేస్తారా, వీరబాబు చేత చేయించమంటారా? అడుగుతున్నాను, తర్వాత నన్ననకండి."

"నేనే చేస్తానండి. అన్నీ నేనే చేస్తాను. అందులో ఏముంది? అమ్మే కదా. కథలో అమ్మే."

"మీ ఇంట్లో ఆడవాళ్లు ఒప్పుకోరని మాణిక్యాలరావుగారు అంటున్నారు. చుట్టాలు ఏదో అన్నారుట. ఆ హాల్లో, మీ అమ్మగారి ఇంట్లో నన్ను పడుకోబెడితే వాళ్లు..."

"ఎవరండీ అనేది? ఇంటికి పెద్దని నేను. నేను సరేనంటే సరే. మా ఇంట్లో నా మాట కాదని గ్లాసు కూడా కదపరు ఎవరూ. మాణిక్యాన్ని అడగండి."

"మాణిక్యాలరావుగారూ, నిజమేనా?"

"నిజమేనండి. ఆ ఇంట్లో బావగారిదే మాట. ఎవరూ ఎదురు చెప్పరు."

"ఇందాక ఆడవాళ్లన్నారు."

"అన్నానండి. తప్పే. టీచరుగారూ, ఇంక పొడవద్దు నన్ను. మీరు గెలిచేరు. ఈ వారం డబ్బింగ్ చెప్పెయ్యండి చాలు. రేపు మీ చావు ఎంత ఘనంగా తీస్తానో చూడండి. పూలు కడియం నుంచి తెప్పిస్తాను. ఊరి జనాన్నంతా దింపుతాను."

"రేపు పొద్దున్నే పెట్టుకుందాం మాణిక్యం. వెలుతురు బాగుంటుంది. హాల్లో వెలుతురు ఏం తక్కువ లేదు."

"రాసుకోనా టీచర్? శవం ఇంటికి వచ్చే సీను."

"ఏదీ రాయకు బెన్నీ. చెప్పు సీనూ కొట్టెయ్యి, శవం సీనూ కొట్టెయ్యి. శివశంకర్ గారూ, చచ్చిన నన్ను ఒళ్లో పెట్టుకోవడానికి మీకు అభ్యంతరం లేదు, ఇంట్లో మీ మాటకి ఎదురూ లేదు, అన్నీ మీ నోటితోనే చెప్పేరు. ఇంక నేను చావడం దేనికి? రేపు ఏడింటికల్లా వస్తాను. మీ అమ్మగారి కుర్చీ హాల్లో వేయించండి."